ఎక్కిన గేర్లోనే దిగాల

మా ఆయన అకౌంట్స్ మనిషి. ఇంట్లో ఫ్యాన్ మార్చాలన్నా ముందు ఎక్సెల్ షీటు తెరుస్తారు. అందుకే కారులో విశాఖ, అరకు, లంబసింగి, మారేడుమిల్లి చుట్టి భద్రాచలం మీదుగా హైదరాబాద్ తిరిగి రావాలని అనుకున్న రోజే నాగోలులోని మా ఇంట్లో ఒక షీటు పుట్టింది. ఒక వరసలో ఊళ్లు, పక్కన కిలోమీటర్లు, ఆ పక్కన టైము. టైము ఎలా లెక్కేశారని అడిగితే "గంటకు 60 వేసుకున్న. ఎక్కువేం గాదు గదా?" అన్నారు. అరకు నుంచి లంబసింగికి కూడా గంటకు అరవయ్యే. నేను లెక్కల టీచర్ని. భాగహారంలో ఎక్కడా తప్పు లేదు. తప్పు ఆ 60లోనే ఉందని తెలియడానికి నాకూ నాలుగు రోజులు పట్టింది.

పెళ్లయి 22 ఏళ్లు. ఇన్నాళ్లూ మేం ఎక్కడికి వెళ్లినా తిరుపతి, శ్రీశైలం, లేదా ఎవరిదో పెళ్లి. వెనక సీట్లో అత్తయ్య, పాప, ఒక పచ్చడి జాడీ. పోయిన జూన్‌లో పాప హాస్టల్‌కి వెళ్లింది. నేను ఏడాదిన్నర కిందట డ్రైవింగ్ స్కూల్లో చేరి లైసెన్సు తెచ్చుకున్నాను గానీ, స్కూలుకు పోయి రావడం తప్ప కారుతో చేసిందేమీ లేదు. ఇద్దరం సగం సగం నడుపుదామన్నాను. ఆయన "చూద్దాం" అన్నారు. ఆ మాటకు మా ఇంట్లో అర్థం "వద్దు" అని.

డిసెంబరులో క్రిస్మస్ సెలవులకు రెండు సీఎల్‌లు కలిపాను. బయల్దేరే ముందు కారు సర్వీసింగ్ అయింది, ఫాస్టాగ్‌లో 3 వేలు వేశాం. టైర్ల షాపులో గాలి కొట్టిస్తుంటే అక్కడి కుర్రాడు అడక్కుండానే డిక్కీ తెరిచి స్టెప్నీ నొక్కి చూశాడు. "మేడమ్, ఇది దిండు లెక్క ఉంది" అన్నాడు. రెండేళ్లుగా దానికి గాలి కొట్టించలేదు. షీటులో 'టిఫిన్' అనే గడి ఉంది, 'స్టెప్నీ' అనే గడి లేదు.

షీటు ప్రకారం తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాలి. బయల్దేరాం కూడా. చౌటుప్పల్ రాకముందే పొగమంచు కమ్ముకుంది. ముందు లారీ వెనక లైట్లు తప్ప ఏమీ కనిపించలేదు. కొందరు నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని రోడ్డు మధ్యలోనే నడుపుతున్నారు. ముందువాడు ఆగాడో పోతున్నాడో తెలిసి చావదు. పంతంగి టోల్ దాటాక ఒక దాబా దగ్గర ఆపి, ఏడున్నర దాకా చాయ్ తాగుతూ కూర్చున్నాం. మొదటి రోజే రెండు గంటలకు పైగా లోటు. ఆయన ఫోన్ తీసి షీటు సవరిస్తుంటే లాక్కుని నా బ్యాగులో వేసుకున్నాను.

విజయవాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి గురించి చెప్పడానికేమీ లేదు, హైదరాబాద్ వాళ్లందరికీ అది వీధి లాంటిదే. సూర్యాపేటలో ఇడ్లీ తిన్నాం. అది ఆయన సొంతూరు కాబట్టి ఇడ్లీ బాగుందని నేను ఒప్పుకోవాల్సి వచ్చింది. హనుమాన్ జంక్షన్ దాటాక స్టీరింగ్ నా చేతికొచ్చింది. పక్క సీట్లోకి మారాక ఆయన కుడికాలు ఖాళీగా ఉండలేదు. నా ముందు ఏ బండి ఎర్రలైటు వెలిగినా ఆ కాలు కింది మ్యాటును గట్టిగా తొక్కేది. అక్కడ బ్రేకు లేదని ఆయనకూ తెలుసు. "మ్యాటు చిరిగిపోద్ది" అన్నాను. "నేనేం జేసిన?" అన్నారు.

రాజమండ్రికి కొత్త హైవే వంతెన మీదుగా కాకుండా కొవ్వూరు వైపు నుంచి వెళ్దామని పట్టుబట్టాను. 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన అది. మన తల మీదుగా రైలు, కింద బండ్లు అనుకుంటారు చాలామంది. నిజానికి పైన మనం, మన కాళ్ల కింద రైలు. సాయంత్రం ఐదున్నరకు గోదావరి మీద ఎర్రటి ఎండ పడుతుంటే, కిందనుంచి రైలు పోయినప్పుడు స్టీరింగ్ నా చేతుల్లో సన్నగా వణికింది. పక్కన 1900లో కట్టి 1997లో రైళ్లు ఆపేసిన హేవలాక్ వంతెన స్తంభాలు నీళ్లలో వరసగా నిలబడి ఉన్నాయి. ఆయన చాలాసేపటికి కాలు తీసి సీటుకు ఆనించి కూర్చున్నారు. వంతెన మీద బండి ఆపకూడదు గనక ఆపలేదు, ఇరవైలో నడిపాను. వెనకవాడు హారన్ కొడితే కొట్టాడు.

రెండో రోజు హైవే ఎక్కకుండా ధవళేశ్వరం ఆనకట్ట చూసుకుని కాకినాడ వెళ్లి, ఉప్పాడ వైపు సముద్రం పక్కనుంచి పోయాం. ఈ రోడ్డును ఫోటోల్లో చూసి అందమైన బీచ్ రోడ్డు అనుకున్నాను. అందమైనదే, కానీ ఒడ్డంతా బండరాళ్లు పోసి ఉన్నాయి. అల అక్కడికొచ్చి రాయిని కొట్టినప్పుడు జల్లు కారు అద్దం మీద పడుతోంది. కొన్నిచోట్ల రోడ్డు అంచును సముద్రం కొరుక్కుతినేసింది. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను ఊరు ఎక్కడిదాకా ఉండేదని అడిగాను. చేత్తో సముద్రంలోకి చూపించాడు. "ఆ పడవ ఉంది చూడమ్మా, అక్కడ గుడి ఉండేది." పడవ ఒడ్డుకు చాలా దూరంలో ఉంది. అక్కడ ఫోటో దిగబుద్ధి కాలేదు. వైపరు వేస్తే అద్దం మీద ఉప్పు తెల్లగా పట్టుకుంది. ఉప్పు నీళ్ల జల్లు పడ్డ రోజు రాత్రికే కారుకు మంచినీళ్లు కొట్టించాలి, లేకపోతే తుప్పు. ఇది మాత్రం ఆయన షీటులో ఉంది.

పిఠాపురం, కత్తిపూడి మీదుగా అన్నవరం. సత్యనారాయణస్వామి ప్రసాదం గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? గోధుమనూక, బెల్లం, నెయ్యి, యాలకుల వాసన. అయినా విస్తరాకు పొట్లంలో ఒత్తిపెట్టిన ఆ వేడి ముద్దను కొండ దిగుతూ తింటే ఒకటి, ఎవరో హైదరాబాద్ తెచ్చిస్తే చల్లారాక తింటే ఒకటి. నాలుగు పొట్లాలు ఇంటికని కొన్నాం. తుని దాటేసరికి రెండు మిగిలాయి.

విశాఖలో రెండు రాత్రులు. ఆర్కే బీచ్, కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి, ఇవన్నీ చూసినవే, చూడనివాళ్లు చూడాల్సినవే. సబ్‌మెరైన్‌లో ఒంగి ఒంగి నడుస్తూ "ఇండ్ల డెబ్బై మందికి ఒకటే వంటిల్లా?" అని ఆయన గైడును అడిగిన ప్రశ్న తప్ప నాకేమీ గుర్తులేదు. గుర్తున్నది మూడో రోజు, భీమిలి రోడ్డు.

విశాఖ నుంచి భీమునిపట్నం దాకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. గంటకు 60 లెక్కన అరగంట. మాకు ఐదు గంటలు పట్టింది. తొట్లకొండ ఎక్కాం. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం. భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. పైన నిలబడితే ఆ కాలపువాళ్లకు స్థలం ఎంచుకోవడం తెలుసనిపిస్తుంది. తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. గాలి, సముద్రం కలిసి వేల ఏళ్లలో పేర్చిన ఇసుక, ఎర్రగా గట్టిపడి, వానకు కోసుకుపోయి లోయలు లోయలుగా ఉంటుంది. చేత్తో నిమిరితే పొడి రాలుతుంది. అందుకే నిమరకండి. మా ముందే ఒకాయన తాళంచెవితో పేరు చెక్కుతున్నాడు. ఆయన్ని ఏమీ అనలేకపోయాను. టీచర్ని అయ్యుండి అనలేకపోయానని హోటల్‌కి వచ్చాక కోపమొచ్చింది.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుకు వెళ్లాం. పెద్ద నది కాదు. ఇసుక మేటలో నుంచి పాయ మెల్లగా జారి ఉప్పు నీళ్లలోకి పోతోంది. పాయలో మోకాలి లోతున నిలబడి ఒక పిల్లవాడు చేపల కోసం గాలం వేశాడు. ఆయన ప్యాంటు మడిచి దిగారు. పైపాదానికి చల్లటి నీళ్లు, అల వచ్చినప్పుడు వెచ్చటి నీళ్లు తగులుతున్నాయని చెప్పారు. నేనూ దిగాను. నిజమే.

నాలుగో రోజు అరకు. విశాఖ నుంచి 115 కిలోమీటర్లు, షీటులో రెండు గంటలు. శృంగవరపుకోట దాకా షీటుదే గెలుపు. అక్కణ్నుంచి ఘాట్ మొదలైంది, షీటు పని అయిపోయింది. ఘాట్‌లో గంటకు 20, 25 పోతే గొప్ప. నడిపేది ఆయన. మలుపు మలుపుకూ హారన్, ఎదురుగా బస్సు, పక్కన లోయ. టైడా దాటాక నాకు కడుపులో తిప్పడం మొదలైంది. ఘాట్ రోడ్డులో వాంతి రాకూడదంటే వెనక కూర్చోకూడదు, ఫోన్ చూడకూడదు, ముందు రోడ్డే చూస్తుండాలి. నేను ఫోన్‌లో మ్యాపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత అల్లం మురబ్బా చప్పరిస్తూ అనంతగిరి దాకా కళ్లు మూసుకున్నాను.

అనంతగిరి దగ్గర కాఫీ తోటల పక్కన ఆగాం. కాఫీ మొక్క నీడలో పెరుగుతుంది. అందుకే పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్లకు అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ. డిసెంబరు కాబట్టి పండ్లు ఎర్రగా పండి ఉన్నాయి. ఒకావిడ గోనెసంచి నడుముకు కట్టుకుని కోస్తోంది. పండు నోట్లో వేసుకోమని ఇచ్చింది. పైన తొక్క తియ్యగా ఉంది, గింజకు కాఫీ వాసనే లేదు. కాఫీ వాసన అంతా వేయించడంలో వస్తుందట. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి ఆవిడకు తెలుసు. ఆ ఏడాది కిలోకు ఎంత ఇచ్చారో ఇంకా బాగా తెలుసు.

బొర్రా గుహల్లో జనం బాగా ఉన్నారు. మెట్లు తడిగా ఉంటాయి, చెప్పులు జారతాయి, షూ వేసుకోండి. రంగురంగుల లైట్లు పెట్టి సున్నపురాయి అసలు రంగు కనబడకుండా చేశారని నా ఫిర్యాదు. పై కప్పు నుంచి చుక్క చుక్కగా నీళ్లు పడుతూ పైనొక కొస, కిందొక కొస పెరుగుతూ వస్తాయి. వాటినే శివలింగమని, ఏనుగని, ఆవు పొదుగని గైడు చూపిస్తాడు. గోస్తనీ అంటే ఆవు పొదుగే. ఈ నది ఈ కొండల్లో పుట్టి, ఈ గుహ కిందుగా పోయి, తాటిపూడి రిజర్వాయరులో నిలిచి విశాఖకు నీళ్లిచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందని చెప్పాడు. ఇంతలో తల మీద ఎక్కడో గుడగుడమంది. గుహ పైకప్పు మీదుగానే కిరండూల్ రైలు మార్గం పోతుంది. గూడ్సు పోతున్నట్టుంది. అది ఆగాక లోతుగా నీళ్ల చప్పుడు వినిపించింది.

"నిన్న మనం కాళ్లు పెట్టింది ఈ నీళ్లల్లనే?" అన్నారాయన.

"నిన్న పెట్టిన నీళ్లు సముద్రంలో ఉంటాయి. ఇవి ఇంకా రావాలి" అన్నాను. కొంచెం సేపు అక్కడే నిలబడ్డాం. వెనక జనం తోసేదాకా.

అరకు లోయలో వలిసె పూలు చివరికొచ్చాయి. నవంబరు నెలాఖరుకు వచ్చినవాళ్లకు కొండవాలంతా పసుపు పచ్చగా కనిపిస్తుంది. మాకు అక్కడొక మడి, ఇక్కడొక మడి మిగిలాయి. ప్రతి మడి ముందూ తాడు కట్టి, ఫోటోకు మనిషికి పాతిక రూపాయలు తీసుకుంటున్నారు. తప్పేముంది? మనం తొక్కే పొలం వాళ్లది.

ఐదో రోజు పాడేరు మీదుగా లంబసింగి. కొత్త జాతీయ రహదారి పనులు జరుగుతున్న ముక్కల్లో ఎర్ర దుమ్ము, కంకర, అక్కడక్కడా ఒంటి దారి. మ్యాపు మధ్యలో ఆగిపోయింది, సిగ్నల్ లేదు. మ్యాపును ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలని నాకు తెలుసు. మర్చిపోయాను. ఇక కనిపించిన ప్రతి మనిషినీ అడుక్కుంటూ పోయాం. ఒక పెద్దావిడ "నేరుగా ఎల్లిపోండి, మలుపొస్తే తిరిగిపోండి" అంది. ఆ రోడ్డులో మలుపు రాని చోటు లేదు. చీకటి పడేసరికి చేరాం. షీటులో మధ్యాహ్నం ఒంటిగంటకు చేరాలి.

లంబసింగి గురించి ఉన్నమాట చెప్తాను. సెలవు రోజుల్లో వెళ్లకండి. మేం ఫోన్‌లో మాట్లాడి డబ్బు పంపిన చోట గదికి బదులు టెంటు చూపించారు, ఒకే పల్చటి దుప్పటి ఇచ్చారు. అడిగితే "ఫుల్లయిపోయింది సార్" అన్నారు. ఆ రాత్రి నేను రెండు స్వెట్టర్లు, ఆయన మంకీ క్యాప్ మీద నా శాలువా. కొన్ని చలికాలాల్లో ఇక్కడ చలి సున్నా దాకా దిగుతుంది. ఈ ఊరిని కొర్రబయలు అని కూడా అంటారు. బయట పడుకుంటే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని అర్థమట. మేం పడుకున్నది టెంటులో, అయినా పేరు సార్థకమైంది. తెల్లారి ఐదింటికి బయటికొస్తే రోడ్డు నిండా కార్లు, మంటల దగ్గర జనం, ఎవరి స్పీకరు వాళ్లదే. మంచు కోసం వచ్చినవాళ్ల పొగలో మంచు కనిపించలేదు. తొమ్మిదింటికి అందరూ పోయాక ఎదురు కొండ మీంచి మబ్బు మెత్తగా లేచి వెళ్లిపోవడం చూశాం. అప్పుడు బాగుంది.

పెట్రోలు కోసం చింతపల్లి దాకా వెళ్లి వెనక్కొచ్చాం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట ముట్టడించిన పోలీస్ స్టేషన్ ఉన్న ఊరు అది. తర్వాతి రోజు కృష్ణదేవిపేట, ఆ తర్వాతి రోజు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, తుపాకులు తీసుకుని, రసీదు రాసిచ్చి మరీ. ఆ మూడు ఊళ్లూ ఆ రోజు మా దారిలోనే ఉన్నాయి. "కొండలల్ల, వానాకాలంల, నడుసుకుంటనా?" అని ఆయన రెండుసార్లు అడిగారు. గంటకు ఎన్ని కిలోమీటర్లో వెయ్యబోతున్నారని నాకు అర్థమైంది.

అసలు సంగతి లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు ఘాట్ దిగేటప్పుడు జరిగింది.

ఆయనే నడుపుతున్నారు. మూడో గేరు. దిగుడు కదా, కారు దానంతటదే పోతుంది, మలుపు దగ్గర బ్రేకు, మళ్లీ వదలడం, మళ్లీ బ్రేకు. పావుగంటకు ఏదో కాలిన వాసన వచ్చింది. బయట ఎవరో రబ్బరు తగలబెడుతున్నారనుకుని అద్దాలు ఎక్కించాం. వాసన లోపలా ఉంది. ఇంకో మలుపు దగ్గర ఆయన "బ్రేకు మెత్తగ పోతుంది" అన్నారు. మామూలుగానే అన్నారు గానీ మొహం తెల్లబడింది. హ్యాండ్ బ్రేకు లాగుతూ, గేరు దించుతూ, ఎడమపక్క కొండవైపు వెడల్పున్న చోట ఎలాగో ఆపారు. ముందు చక్రాల నుంచి సన్నగా పొగ.

నేను నీళ్ల సీసా తీసుకుని చక్రం మీద పోయబోయాను. అప్పుడే కింది నుంచి జనంతో ఎక్కుతున్న ఒక సర్వీసు జీపు ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి అరిచాడు. "ఆగమ్మా, ఆగమ్మా! నీళ్లొయ్యకు. ఆ ఏడిలో నీళ్లు పడితే డిస్కు వంకరైపోద్ది."

దిగి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, మెడలో మఫ్లర్. చక్రం దగ్గర కూర్చుని వాసన చూశాడు, వంటలో ఉప్పు సరిపోయిందో లేదో చూసినట్టు. "ఏ గేర్లో దిగుతన్నారు బాబూ?"

"థర్డ్" అన్నారు మా ఆయన.

"థర్డేటి బాబూ! ఈ ఘాటీ ఎక్కినోడు ఏ గేర్లో ఎక్కుతాడు? సెకండే కదా. ఎక్కిన గేర్లోనే దిగాల. బండిని ఇంజను పట్టుకోవాల గానీ బ్రేకు కాదు. నొక్కి నొక్కి కూచుంటే బ్రేకు ఏడెక్కిపోద్ది, ఆయిలు మరిగిపోద్ది, ఇంక ఎంత తొక్కినా ఏటుంటది?" జీపులో వాళ్లంతా మాకేసి చూస్తున్నారు. ఒడిలో కోడి పెట్టుకున్న ఒకావిడ తల ఊపింది. "అరగంట కూకోండి. చల్లారాక ఓపాలి తొక్కి చూసుకుని ఎల్లండి. ఎక్కే బండి వస్తే దిగే మీరే ఆగాల, తెలుసు కదా?"

తెలుసు. లైసెన్సు పరీక్షకు చదివాను. సెకండ్ గేరు సంగతీ మా డ్రైవింగ్ స్కూలు ఉస్తాద్ నాగోలు ఫ్లైఓవర్ దిగేటప్పుడు చెప్పాడు. ఫ్లైఓవర్ మీద ఎందుకీ గొడవ అనుకున్నాను. పాతికేళ్లుగా నడుపుతున్న మనిషికి పక్కన కూర్చుని గేరు గురించి చెప్పడం నాకు నోరు రాలేదు. ఆ రాయి మీద కూర్చున్న అరగంటలో ఆ మాట ఆయనతో అన్నాను. "జెప్తే నేను ఇనెటోన్నా?" అన్నారు. అన్నవరం పొట్లాల్లో ఆఖరిది విప్పి ఇద్దరం తిన్నాం. చెయ్యి ఇంకా కొద్దిగా వణుకుతోంది, ఆయనది. పొట్లం ఆకు నాకు ఇచ్చి, తాళాలు కూడా ఇచ్చారు.

నేను దించాను. సెకండ్ గేరు. ఇంజను గుర్రుమని అరుస్తుంది, అది అరుస్తుంటే బ్రేకు అవసరం ఉండదు. మలుపుకు ముందే ఒకసారి తొక్కి, మలుపులో కాలు తీసేస్తే చాలు. వెనక ఎవరో హారన్ మీద హారన్. ఆయన అద్దం దించి చెయ్యి ఊపి "పో పో, ముందుకు పో" అన్నారు. అలా నర్సీపట్నం. అక్కడ మెకానిక్ బ్రేకులు విప్పి, ప్యాడ్‌లు అరిగాయని మార్చి, ఆయిలు కొత్తది పోశాడు. రెండు గంటలు, రెండు వేల చిల్లర.

కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి దగ్గర కాసేపు ఆగాం. రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరం దాటి మారేడుమిల్లి చేరేసరికి పూర్తిగా రాత్రి. అడవి రోడ్డులో చీకట్లో నడపకూడదనుకున్నాం, నడపాల్సొచ్చింది. ఆ నలభై నిమిషాలు ఇద్దరం మాట్లాడుకోలేదు.

మారేడుమిల్లిలో బొంగు చికెన్ తిన్నాం. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద పొర్లిస్తారు. నూనె చుక్క వేయరు. బొంగు పైన నల్లగా మాడాక కత్తితో చీరుస్తారు. చీరగానే వచ్చే ఆవిరిలో మాంసం వాసన కన్నా ముందు పచ్చి వెదురు వాసన వస్తుంది. హైదరాబాద్‌లో ఇదే పేరుతో రెండుసార్లు తిన్నాను. అది చికెన్. ఇది వేరే.

మర్నాడు మారేడుమిల్లి నుంచి చింతూరు ఘాట్ మొత్తం నేనే. మా ప్రయాణంలో అన్నిటికన్నా అందమైన రోడ్డు ఇదే, అరకు కన్నా కూడా. అరకు ఘాట్‌లో లోయ కనిపిస్తుంది, ఇక్కడ అడవి కనిపిస్తుంది. రెండు పక్కలా వెదురు, రోడ్డు మీద మధ్యాహ్నం కూడా నీడే, మలుపు మలుపుకూ వాగు చప్పుడు. పెట్రోలు మాత్రం ముందే నింపుకోవాలి, మధ్యలో ఏమీ దొరకదు. ఒకచోట కోతులు, ఒకచోట రోడ్డుకు అడ్డంగా పడిన వెదురు కొమ్మ. ఆయన దిగి పక్కకు లాగారు, మళ్లీ కూర్చుని "సెకండేనా?" అని అడిగారు. సెకండే.

చింతూరు దగ్గర శబరి దాటాం. భద్రాచలంలో ఆ రాత్రి ఉండి, తెల్లారి రాముడి దర్శనం చేసుకుని, మళ్లీ గోదావరి వంతెన దాటాం. వారం కిందట రాజమండ్రిలో చూసిన గోదావరికి ఇది పైన. "ఈ నీళ్లు రాజమండ్రికి ఎప్పుడు పోతయ్?" అన్నారు. జవాబు నా దగ్గర లేదు, ఆయనా షీటు తియ్యలేదు. ఆ షీటు ప్రింటు కాగితం అప్పటికి డ్యాష్‌బోర్డు మీద మురుకుల కింద ఉంది. నూనె పట్టి వెనక అక్షరాలు కనిపిస్తున్నాయి.

కొత్తగూడెం, ఖమ్మం, సూర్యాపేట. ఈసారి సూర్యాపేట ఇడ్లీ అంత బాగాలేదన్నాను, ఏమీ అనలేదు. మొత్తం 8 రోజులు, మీటరు మీద 1,612 కిలోమీటర్లు, పెట్రోలుకు దాదాపు 11 వేలు. భద్రాచలం నుంచి నేనే నడిపాను. నార్కట్‌పల్లి దాటాక ఆయన సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోయారు. ఇరవై రెండేళ్లలో కదులుతున్న కారులో ఆయన నిద్రపోవడం నేను చూడలేదు. పంతంగి టోల్ దగ్గర క్యూ కనిపించి మెల్లగా బ్రేకు మీద కాలు పెట్టాను. పక్కన, కళ్లు మూసుకునే, కుడికాలు మ్యాటును తొక్కింది.